గెలాక్సీ తిరిగే తీరు చూస్తే... బరువు చెప్పొచ్చు!

కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీని తూచే తక్కెడ లేదు. దగ్గరికెళ్లి చూసే వీలూ లేదు. కానీ అది ఎంత వేగంగా తిరుగుతోందో తెలిస్తే చాలు... అందులో ఎంత సరుకుందో, పళ్లెంలా ఎందుకుందో, బంతిలా ఎందుకు మారిందో చెప్పేస్తున్నారు శాస్త్రవేత్తలు. అలా లెక్కలు వేస్తూ వేస్తూనే... విశ్వంలోకెల్లా పెద్ద చిక్కుముడి దగ్గరికి చేరుకున్నారు!

ఆదివారం పొద్దున్నే కుర్చీలో కూర్చుని, కాఫీ తాగుతూ పేపరు చదువుతుంటాం. కదలకుండా కూర్చున్నామనే అనుకుంటాం. కానీ ఆ కాఫీ తాగే అయిదు నిమిషాల్లో మనం దాదాపు 70 వేల కిలోమీటర్లు ప్రయాణం చేసేస్తాం. అంటే, భూమి చుట్టూ ఒకటిన్నర సార్లు తిరిగిన దానికన్నా ఎక్కువ! సూర్యుడు గ్రహాలన్నిటినీ వెంటేసుకుని పాలపుంత కేంద్రం చుట్టూ సెకనుకు సుమారు 230 కి.మీ. వేగంతో పరుగుపెడుతున్నాడు మరి.

అంత వేగంతో వెళ్తున్నా ఒక్క ప్రదక్షిణ పూర్తి కావడానికి 22, 23 కోట్ల ఏళ్లు పడుతుంది. కిందటిసారి సూర్యుడు ఇదే చోట ఉన్నప్పుడు భూమ్మీద రాక్షసబల్లులు అప్పుడప్పుడే అడుగుపెడుతున్నాయి. సూర్యుడు పుట్టి 460 కోట్ల ఏళ్లయినా ఇప్పటికి చేసినవి ఓ ఇరవై ప్రదక్షిణలు... అంతే.

మన పాలపుంత ఒక్కటే కాదు, ఆకాశంలో కనిపించే గెలాక్సీల్లో చాలావరకు ఇలాగే తిరుగుతుంటాయి. అయితే అన్నిటిదీ ఒకే వేగం కాదు. కొన్ని మరగుజ్జు గెలాక్సీలు సెకనుకు 50 కి.మీ. వేగంతో నింపాదిగా తిరుగుతాయి. మన పాలపుంతలాంటివి 200 దాటతాయి. కొన్ని భారీ గెలాక్సీల్లో వేగం 500 కి.మీ. పైనే. మరికొన్ని మాత్రం... ఎంతో పెద్దవైనా తిరుగుతున్నాయా లేదా అన్నట్టు ఉంటాయి.

ఎందుకీ తేడా? ఆ ప్రశ్నకు జవాబు వెతకడం వందేళ్ల కిందటే మొదలైంది.

వాలిన గీత చెప్పిన మాట

గెలాక్సీ తిరగడాన్ని కళ్లతో చూడాలంటే లక్షల ఏళ్లు కాచుకు కూర్చోవాలి. మరి వేగం ఎలా తెలుస్తుంది? దీనికి రైల్వే స్టేషన్లో అందరికీ అనుభవమయ్యే సంగతే ఆధారం. రైలు మనవైపు వస్తున్నప్పుడు దాని కూత సన్నగా, కీచుగా వినిపిస్తుంది. మనల్ని దాటి వెళ్లిపోతున్నప్పుడు బొంగురుగా మారిపోతుంది. వెలుతురుదీ అదే వరస. మనవైపు వచ్చే నక్షత్రం కాంతి కాస్త నీలం వైపు జరుగుతుంది, దూరంగా వెళ్లే నక్షత్రం కాంతి ఎరుపు వైపు జరుగుతుంది. దీన్నే డాప్లర్ ప్రభావం అంటారు.

తిరిగే గెలాక్సీలో ఓ అంచు మనవైపు వస్తుంటే రెండో అంచు మననుంచి దూరంగా పోతుంటుంది. కాబట్టి దాని కాంతిని విడగొట్టి వర్ణపటం తీస్తే అందులోని గీతలు నిటారుగా ఉండవు, వాలిపోయి కనిపిస్తాయి. ఎంత వాలితే అంత వేగమన్నమాట. 1914లో అమెరికాలోని లోవెల్ అబ్జర్వేటరీలో వెస్టో స్లైఫర్ అనే శాస్త్రవేత్త ఇలాంటి వాలిన గీతల్ని చూసే, ఇప్పుడు మనం సాంబ్రెరో గెలాక్సీ అని పిలుస్తున్నది తిరుగుతోందని ప్రకటించాడు. విచిత్రం ఏమిటంటే, అప్పటికి అది మన పాలపుంతకు ఆవల ఉన్న మరో గెలాక్సీ అన్న సంగతే ఎవరికీ తెలియదు!

ఆ రోజుల్లో ఆ పని ఎంత కష్టమంటే... మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీలో ఫ్రాన్సిస్ పీజ్ 1917లో ఆండ్రోమెడా వర్ణపటం ఒక్కటి తీయడానికి ఫొటో పలకని దాదాపు 80 గంటలసేపు దాని వెలుగుకి తెరిచి పెట్టాల్సి వచ్చింది. ఒక్క రాత్రిలో అయ్యేది కాదు కాబట్టి ఆగస్టు నుంచి అక్టోబరు దాకా రోజుకు కాస్త చొప్పున పోగుచేశాడు.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. గెలాక్సీ పళ్లెంలా మనకు ఎదురుగా పరుచుకుని కనిపిస్తే దాని నక్షత్రాలు అటూ ఇటూ తిరుగుతాయే తప్ప మనవైపు రావు, మననుంచి పోవు. అప్పుడు డాప్లర్ లెక్క పనిచేయదు. అందుకే ఓ పక్కకి వాలి కనిపించే గెలాక్సీలను ఎంచుకుని, ఎంత వాలిందో కొలిచి, దాన్నిబట్టి అసలు వేగం లెక్కిస్తారు.

ఆమె గీసిన గీత పడిపోలేదు!

వేగం తెలిస్తే బరువెలా తెలుస్తుంది? మన సౌరకుటుంబాన్నే చూడండి. సూర్యుడికి దగ్గరగా ఉన్న బుధుడు సెకనుకు 47 కి.మీ. వేగంతో తిరుగుతాడు. భూమి వేగం 30 కి.మీ. ఎక్కడో దూరాన ఉన్న నెప్ట్యూన్ వేగం అయిదున్నర కి.మీ. లోపే. బరువంతా మధ్యలో సూర్యుడి దగ్గరే ఉంది కాబట్టి, దూరం వెళ్లేకొద్దీ గురుత్వాకర్షణ తగ్గి వేగమూ పడిపోతుంది. లోపల ఎంత బరువుంటే దాని చుట్టూ అంత వేగంగా తిరగాలి. లేదంటే మధ్యలోకి పడిపోవడం ఖాయం. బరువుకు మించిన వేగంతో తిరిగితే బయటికి విసిరేసినట్టు ఎగిరిపోవాల్సిందే. అందుకే వేగం చూస్తే లోపలి బరువు చెప్పేయొచ్చు.

గెలాక్సీలోనూ నక్షత్రాల వెలుగు మధ్యలోనే ఎక్కువ, అంచులకు వెళ్లేకొద్దీ పలచబడుతుంది. కాబట్టి అంచుల్లో ఉన్న నక్షత్రాలు నెమ్మదిగా తిరగాలి. అందరూ అలాగే అనుకున్నారు... వేరా రూబిన్ కొలిచి చూసేదాకా.

1928లో పుట్టిన రూబిన్ కాలానికి మహిళలు టెలిస్కోపు దగ్గరికి వెళ్లడమే గగనం. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ఖగోళశాస్త్రంలో పైచదువులకు అమ్మాయిలను 1975 దాకా చేర్చుకోనేలేదు. పాలోమర్ అబ్జర్వేటరీలో పనిచేయడానికి 1965లో ఆమెకు అనుమతి వచ్చినా, అక్కడ ఆడవాళ్లకు టాయ్‌లెట్ లేదన్నారు. ఆమె ఓ కాగితాన్ని గౌనులా కత్తిరించి, తలుపు మీదున్న మగమనిషి బొమ్మకి అంటించి ‘ఇప్పుడుంది’ అన్నదట! నలుగురు పిల్లల్ని పెంచుతూనే పరిశోధన సాగించిన రూబిన్, మసక వెలుతుర్ని ఎన్నో రెట్లు పెంచి చూపే పరికరం తయారుచేసిన కెంట్ ఫోర్డ్‌తో కలిసి ఆండ్రోమెడా మీద దృష్టి పెట్టింది.

ఆ గెలాక్సీలో వేడెక్కి మెరుస్తున్న 67 వాయుమేఘాల వేగాన్ని ఒక్కొక్కటిగా కొలిచి 1970లో ఫలితాలు ప్రకటించారు. కేంద్రానికి దూరం వెళ్తున్నా వేగం పడిపోవడం లేదు. గ్రాఫు గీస్తే గీత కిందికి దిగకుండా బల్లపరుపుగా సాగిపోతోంది. ఒక్క గెలాక్సీకి అలా ఉందేమోలే అనుకోవడానికీ వీల్లేకుండా 1980లో మరో 21 గెలాక్సీల లెక్కలు బయటపెట్టారు. అన్నిట్లోనూ అదే కథ. నెదర్లాండ్స్‌లో ఆల్బర్ట్ బోస్మా రేడియో టెలిస్కోపుతో నక్షత్రాలు దాటి ఇంకా దూరాన ఉన్న హైడ్రోజన్ వాయువును కొలిచినా అంతే.

అంటే, కనిపించే నక్షత్రాలూ వాయువుల బరువు చాలదు. కనపడకుండా గెలాక్సీని చుట్టుముట్టి ఇంకేదో చాలా ఉండాలి. దానికే కృష్ణపదార్థం అని పేరు. విశ్వంలోని పదార్థంలో ఇది దాదాపు 85 శాతం ఉంటుందని నేటి అంచనా. 2016లో రూబిన్ చనిపోయేనాటికీ అదేమిటో తేలలేదు, ఇప్పటికీ తేలలేదు. చిలీలో కట్టిన సరికొత్త భారీ టెలిస్కోపుల కేంద్రానికి మాత్రం ఆమె పేరు పెట్టారు. 2025 జూన్‌లో దాని తొలి చిత్రాలు విడుదలయ్యాయి.

వేగం రెట్టింపైతే... బరువు పదహారింతలు

వేగానికీ నక్షత్రాల బరువుకీ ఉన్న లంకె మాత్రం మరో దారిలో బయటపడింది. 1977లో బ్రెంట్ టల్లీ, రిచర్డ్ ఫిషర్ అనే ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తలు సర్పిలాకార గెలాక్సీల జాబితా ఒకటి ముందేసుకున్నారు. ఓ పక్క అవి తిరిగే వేగం, మరో పక్క అవి వెదజల్లే వెలుగు. రెండూ కలిపి గ్రాఫు గీస్తే చుక్కలన్నీ దాదాపు ఓ గీత మీదికి వచ్చి కూర్చున్నాయి. వేగం ఎక్కువైతే వెలుగూ ఎక్కువే. అదీ మామూలుగా కాదు. వేగం రెట్టింపైతే వెలుగు, నక్షత్రాల బరువు దాదాపు పదహారింతలవుతాయి. సెకనుకు వంద కి.మీ. వేగంతో తిరిగే గెలాక్సీలో ఒక వంతు సరుకుంటే, రెండొందల కి.మీ. వేగంతో తిరిగేదాంట్లో పదహారు వంతులన్నమాట. దీన్నే టల్లీ-ఫిషర్ సూత్రం అంటున్నారు.

ఇది శాస్త్రవేత్తల చేతికి పెద్ద కొలబద్దనే ఇచ్చింది. రాత్రిపూట దూరంగా ఓ బల్బు వెలుగుతోందనుకోండి. అది ఎన్ని వాట్లదో తెలిస్తే, ఎంత మసగ్గా కనిపిస్తోందన్న దాన్నిబట్టి ఎంత దూరంలో ఉందో చెప్పొచ్చు. గెలాక్సీ తిరిగే వేగం ఆ బల్బు మీద రాసిన వాట్ల అంకెలాంటిది. దాంతో అసలు వెలుగు తెలుస్తుంది, వెలుగుతో దూరం తెలుస్తుంది. ఇలా వేల గెలాక్సీల దూరాలు పోగుచేసుకునే టల్లీ బృందం 2014లో మన పాలపుంత ఉన్న మహా సమూహానికి పటం గీసింది. దాదాపు 50 కోట్ల కాంతి సంవత్సరాల మేర విస్తరించిన ఆ సమూహానికి ‘లానియాకియా’ అని హవాయి భాషలో పేరు పెట్టింది.

అయితే బుల్లి గెలాక్సీల దగ్గరికి వచ్చేసరికి ఈ సూత్రం తప్పినట్టే కనిపించింది. తిరిగే వేగాన్నిబట్టి ఉండాల్సినన్ని నక్షత్రాలు వాటిలో లేవు. కారణం ఏమిటా అని చూస్తే... వాటిలో సరుకు చాలావరకు ఇంకా నక్షత్రాలుగా మారకుండా వాయువు రూపంలోనే ఉండిపోయింది. పిండి ఉంది కానీ రొట్టెలు కాల్చలేదన్నమాట. 2000లో స్టేసీ మెక్‌గా, సహచరులు నక్షత్రాల బరువుకి వాయువు బరువూ కలిపి చూశారు. పక్కకి జరిగిన చుక్కలన్నీ బుద్ధిగా వచ్చి గీత మీద నిలబడ్డాయి!

ఈ వాయువును పట్టుకోవడంలో మన దేశానిదీ ముఖ్యమైన పాత్రే. హైడ్రోజన్ వాయువు 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంతో రేడియో సంకేతాలు వెలువరిస్తుంది. వాటిని పుణెకు ఉత్తరాన ఖొడద్ దగ్గరున్న జీఎంఆర్‌టీ చక్కగా వినగలదు. ఒక్కొక్కటీ 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌లతో పనిచేసే ఈ రేడియో టెలిస్కోపుతో అయేషా బేగం, జయరామ్ చెంగలూర్ బృందం ఎన్‌జీసీ 3741 అనే మరగుజ్జు గెలాక్సీని పరిశీలించింది. చూస్తే అందులో నక్షత్రాలు కనిపించే మేరకన్నా ఎనిమిది రెట్లకు పైగా దూరం దాకా వాయువు పరుచుకుని తిరుగుతోందని 2005లో తేలింది. కంటికి చిన్న చుక్కలా కనిపించేది నిజానికి ఓ పెద్ద పళ్లెం మధ్యలో బొట్టు మాత్రమే. ఆ వాయువు వేగాన్నిబట్టి చూస్తే దానిలో కృష్ణపదార్థం పాళ్లు మామూలు గెలాక్సీలకన్నా చాలా ఎక్కువ.

భారీ గెలాక్సీల దగ్గరా ఓ పేచీ వచ్చింది. పాలపుంతకన్నా ఎంతో పెద్దవైన ‘సూపర్ స్పైరల్’ గెలాక్సీలు కొన్ని సెకనుకు 570 కి.మీ. దాకా వేగంతో తిరుగుతున్నాయని, టల్లీ-ఫిషర్ గీతను అవి దాటేస్తున్నాయని 2019లో పాట్రిక్ ఓగల్ బృందం ప్రకటించింది. తర్వాత ఇతర బృందాలు మరింత జాగ్రత్తగా కొలిస్తే మాత్రం చాలా భారీ గెలాక్సీలు కూడా ఆ గీత మీదే ఉన్నట్టు కనిపిస్తోంది.

మన పాలపుంత... అంకెల్లో

వెడల్పు: సుమారు లక్ష కాంతి సంవత్సరాలు
నక్షత్రాలు: 10 వేల కోట్ల నుంచి 40 వేల కోట్ల దాకా ఉంటాయని అంచనా
నక్షత్రాల మొత్తం బరువు: సుమారు 5 - 6 వేల కోట్ల సూర్యుళ్లంత
కృష్ణపదార్థంతో కలిపి: దాదాపు లక్ష కోట్ల సూర్యుళ్లంత
కేంద్రం నుంచి సూర్యుడి దూరం: సుమారు 26 వేల కాంతి సంవత్సరాలు

రుమాలీ రొట్టె... తేనెటీగల గుంపు

బరువు సంగతి సరే, మరి ఆకారం? గెలాక్సీలను ఆకారాన్నిబట్టి మొట్టమొదట పద్ధతిగా విభజించింది ఎడ్విన్ హబుల్. 1926లో ఆయన చేసిన విభజనలో ముఖ్యమైనవి రెండు జాతులు. ఒకటి, పళ్లెంలా పరుచుకుని చేతులు చాపినట్టుండే సర్పిలాకార గెలాక్సీలు. రెండోది, కోడిగుడ్డులానో బంతిలానో ఉండే దీర్ఘవృత్తాకార గెలాక్సీలు. ఈ తేడాకి మూలం కూడా తిరుగుడులోనే ఉంది.

హైదరాబాదు హోటళ్లలో రుమాలీ రొట్టె చేసేవాణ్ని చూసే ఉంటారు. పిండిముద్దను గాల్లోకి గిరగిరా తిప్పుతూ విసురుతుంటే అది పలచగా, వెడల్పుగా పరుచుకుంటుంది. గెలాక్సీ పుట్టుకలోనూ కాస్త అలాంటిదే జరుగుతుంది. తొలినాళ్లలో పెద్ద వాయుమేఘం తన బరువుతో తానే కుంచించుకుపోతుంది. చుట్టుపక్కల ఉన్న ఇతర మేఘాలు అటూ ఇటూ లాగడంవల్ల దానికి కొద్దిపాటి తిరుగుడు ముందే అంటుకుని ఉంటుంది. ఈ లాగుడు ఏపాటిదో 1969లో లెక్కగట్టిన జేమ్స్ పీబుల్స్‌కు యాభై ఏళ్ల తర్వాత విశ్వశాస్త్రంలో చేసిన మొత్తం కృషికి నోబెల్ వచ్చింది.

మేఘం కుంచించుకుపోతుంటే అందులోని వాయువు కణాలు ఒకదాన్నొకటి గుద్దుకుని వేడిని బయటికి పంపేసి చల్లబడతాయి. శక్తి అలా పోతుంది కానీ తిరుగుడు మాత్రం ఎక్కడికీ పోదు. దాన్నే కోణీయ ద్రవ్యవేగం అంటారు. మంచు మీద గిర్రున తిరిగే క్రీడాకారిణి చేతులు దగ్గరికి ముడుచుకోగానే వేగం పెరుగుతుందే... అదే సూత్రం. పైనుంచి కిందికి నలగడానికి అడ్డులేదు, పక్కలనుంచి లోపలికి రావడానికి మాత్రం తిరుగుడు అడ్డం. ఇంకేముంది... మేఘం పళ్లెంలా చదునవుతుంది. ఆ పళ్లెంలో పుట్టిన నక్షత్రాలూ అదే వరసలో తిరుగుతాయి.

దీర్ఘవృత్తాకార గెలాక్సీలో ఈ వరస ఉండదు. తేనెపట్టు చుట్టూ ఈగల్లా నక్షత్రాలు ఎవరి దారిన వారన్నట్టు అన్ని వైపులా దూసుకుపోతుంటాయి. గుంపు మొత్తంగా తిరుగుతున్నది మాత్రం తక్కువే. 2019లో మనిషి మొట్టమొదటిసారి ఫొటో తీయగలిగిన కృష్ణబిలం ఎం87 అనే గెలాక్సీలోనిది. ఆ ఎం87 దీనికి మంచి ఉదాహరణ. దాని నక్షత్రాలు ఒక్కొక్కటీ సెకనుకు వందల కి.మీ. వేగంతో పరుగెడుతున్నా, అటూ ఇటూ వెళ్లేవి లెక్కలో చెల్లిపోగా మొత్తం గుంపు తిరిగే వేగం పాతిక కి.మీ. దాటడం లేదు.

విశేషం ఏమిటంటే, ఇక్కడా బరువుకీ వేగానికీ లంకె ఉంది. తిరుగుడు లేకపోయినా ఆ చిందరవందర పరుగు వేగాన్ని కొలిస్తే చాలు. ఆ వేగం రెట్టింపైతే వెలుగు దాదాపు పదహారింతలవుతుందని 1976లోనే శాండ్రా ఫేబర్, రాబర్ట్ జాక్సన్ కనిపెట్టారు. వరసగా తిరిగినా, చెల్లాచెదురుగా పరుగెత్తినా... బరువు వేగంలోనే బయటపడుతుందన్నమాట.

చూపులు మోసం చేస్తాయి

బంతిలా కనిపించేవన్నీ తిరగనివేనా? అలా అనుకుంటే పొరపాటే. స్పెయిన్ అధీనంలోని కెనరీ దీవుల్లో ఉన్న విలియం హెర్షెల్ టెలిస్కోపుతో ‘అట్లాస్ 3డి’ అనే సర్వే చేశారు. చేతులు లేకుండా నునుపుగా కనిపించే 260 గెలాక్సీలను తీసుకుని, ఒక్కో గెలాక్సీలో ఎక్కడెక్కడ ఎంత వేగముందో పటం గీశారు. 2011లో వచ్చిన ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది. వాటిలో 86 శాతం, అంటే 224 గెలాక్సీలు పద్ధతిగా తిరుగుతున్నవే! అంటే చాలావాటిలో లోపల పళ్లెం దాగి ఉంది. మనం చూసే కోణంవల్ల బంతుల్లా కనిపిస్తున్నాయంతే. నిజంగా తిరుగుడు మరిచిపోయినవి మిగిలిన 36 మాత్రమే.

ఆ 36 ఎలాంటివంటే... చాలావరకు బాగా బరువైనవి. సుమారు 20 వేల కోట్ల సూర్యుళ్ల బరువు దాటితే ఇలాంటి ‘మందగమన’ గెలాక్సీలదే పైచేయి. అవి ఎక్కువగా ఉండేదీ గెలాక్సీలు కిక్కిరిసిన గుంపుల నడుమే. గుంపులో పెద్దన్నలకు తిరిగే ఓపిక తగ్గిందన్నమాట.

మైకేల్ ఫాల్ అనే శాస్త్రవేత్త 1983లో ఈ మొత్తం వ్యవహారాన్ని ఒక్క పటంలోకి తెచ్చారు. ఓ వైపు నక్షత్రాల బరువు, ఇంకోవైపు ఒక్కో కిలో సరుకుకి ఎంత తిరుగుడు వస్తోందన్న లెక్క. ఆరన్ రొమనోవ్‌స్కీతో కలిసి 2012లో మరిన్ని గెలాక్సీలతో దాన్ని మళ్లీ గీశారు. సర్పిలాకార గెలాక్సీలన్నీ ఒక గీత మీద, దీర్ఘవృత్తాకారాలు దానికి సమాంతరంగా కింద మరో గీత మీద నిలిచాయి. రెండింటిలోనూ బరువు పెరిగేకొద్దీ తిరుగుడు పెరుగుతుంది. కానీ ఒకే బరువున్న రెండు గెలాక్సీలను పక్కపక్కన పెడితే, బంతిలాంటి దాని దగ్గరున్న తిరుగుడు పళ్లెంలాంటి దానికన్నా కొన్ని రెట్లు తక్కువ. కాబట్టి గెలాక్సీ రూపం తేల్చేవి ముఖ్యంగా రెండే... ఎంత సరుకుంది, ఎంత తిరుగుతోంది!

ఢీకొడితే తిరుగుడు మాయం

మరి బంతి గెలాక్సీల తిరుగుడు ఏమైపోయినట్టు? గుద్దుకోవడంలో పోయింది. 1972లో టూమ్రే సోదరులు అప్పటి కంప్యూటర్లతోనే రెండు గెలాక్సీలు దగ్గరికొస్తే ఏమవుతుందో లెక్కకట్టి చూపించారు. సమాన బరువున్న రెండు పళ్లేలు ఢీకొన్నప్పుడు ఒకటి ఇటు, ఒకటి అటు తిరుగుతుంటే ఆ తిరుగుళ్లు చాలావరకు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మిగిలినదాంట్లో చాలాభాగం చుట్టూ ఉన్న కృష్ణపదార్థానికి బదిలీ అవుతుంది. నక్షత్రాల వరస చెదిరిపోయి తేనెటీగల గుంపు తయారవుతుంది. వాయువు మిగిలి ఉంటే అది మళ్లీ చల్లబడి కొత్త పళ్లెం కట్టగలదు. కానీ నక్షత్రాలు ఒకదాన్నొకటి గుద్దుకోవు, వేడి వదిలేసి చల్లబడవు. కాబట్టి ఒకసారి చెదిరిన నక్షత్రాలు మళ్లీ వరసలోకి రావడం ఉండదు.

ఈ గండం మన పాలపుంతకూ పొంచి ఉంది. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆండ్రోమెడా సెకనుకు సుమారు 110 కి.మీ. వేగంతో మనవైపే వస్తోంది. రెండూ గుద్దుకోవడం ఖాయమని చాలాకాలం అనుకున్నారు. 2025లో వచ్చిన అధ్యయనం మాత్రం వచ్చే వెయ్యి కోట్ల ఏళ్లలో ఢీకొనే అవకాశం సగానికి సగమేనని తేల్చింది. పాలపుంత ఇలాగే పళ్లెంలా తిరుగుతూ ఉంటుందా, తిరుగుడు పోగొట్టుకుని బంతిలా మారుతుందా అన్నది బొమ్మా బొరుసూ వేసినట్టేనన్నమాట!

సగం ఇటు... సగం అటు

గుద్దుళ్లూ విలీనాలూ ఎంత వింతలు చేస్తాయో చెప్పడానికి ఎన్‌జీసీ 4550 గెలాక్సీ చాలు. 1992లో వేరా రూబిన్, సహచరులు దాని వర్ణపటం తీస్తే గీతలు రెండు వైపులా వాలి కనిపించాయి. ఒకే పళ్లెంలో దాదాపు సగం నక్షత్రాలు కుడివైపు తిరుగుతుంటే మిగతా సగం ఎడమవైపు తిరుగుతున్నాయి! నక్షత్రాల మధ్య దూరం చాలా ఎక్కువ కాబట్టి అవి ఎదురెదురుగా వెళ్తున్నా గుద్దుకోవు. బయటినుంచి వచ్చిపడిన వాయువు ఎదురు దిశలో తిరుగుతూ కొత్త నక్షత్రాలను పుట్టించడంవల్లో, రెండు గెలాక్సీలు ఒక పద్ధతిలో కలవడంవల్లో ఇలా అయ్యుంటుందన్నది శాస్త్రవేత్తల భావన.

పసితనంలోనే పద్ధతిగా...

వెలుగు మన దగ్గరికి రావడానికి కాలం పడుతుంది కాబట్టి, ఎంత దూరం చూస్తే అంత పాతకాలం చూసినట్టు. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు. దాని బాల్యంలో గెలాక్సీలు గుద్దుకుంటూ, నక్షత్రాలు పేలుతూ అంతా గందరగోళంగా ఉండేదని, పద్ధతిగా తిరిగే పళ్లేలు ఏర్పడటానికి చాలా కాలం పట్టిందని మొన్నమొన్నటిదాకా అనుకునేవారు. ఆ అభిప్రాయం ఇప్పుడు మారిపోతోంది.

విశ్వం పుట్టిన 70 కోట్ల ఏళ్లకే ‘రెబెల్స్-25’ అనే గెలాక్సీ చక్కగా పళ్లెంలా తిరుగుతున్నట్టు చిలీలోని ‘అల్మా’ రేడియో టెలిస్కోపు పరిశీలనలతో 2024లో తెలిసింది. 2025లో పుణెలోని జాతీయ రేడియో ఖగోళ భౌతికశాస్త్ర కేంద్రానికి చెందిన రాశీ జైన్, యోగేశ్ వాడదేకర్ జేమ్స్ వెబ్ టెలిస్కోపు చిత్రాల్లో ఓ సర్పిలాకార గెలాక్సీని గుర్తించారు. పాలపుంతకు మందాకిని అన్న పేరూ ఉంది కదా, దానికి చెల్లెలిలాంటి హిమాలయ నది పేరు మీద దీన్ని ‘అలకనంద’ అన్నారు. వెడల్పు 30 వేల కాంతి సంవత్సరాలు, నక్షత్రాల బరువు సుమారు వెయ్యి కోట్ల సూర్యుళ్లంత. రెండు చేతులూ చక్కగా తీర్చిదిద్దినట్టున్న ఈ గెలాక్సీ, విశ్వానికి 150 కోట్ల ఏళ్ల వయసున్నప్పటిది! అయితే రూపం చూసి తిరుగుడు చెప్పడం కుదరదని ఇప్పటికే తెలుసు కదా. దాని పళ్లెం నిజంగా ఎంత నిలకడగా తిరుగుతోందో వర్ణపటాలు తీసి కొలిస్తేనే తేలుతుంది.

అసలు చిక్కు ఇక్కడే!

ఇంతదాకా వచ్చాక ఒక్కసారి ఆగి ఆలోచిస్తే ఓ విచిత్రం కనిపిస్తుంది. గెలాక్సీ అంచుల్లో తిరిగే వేగాన్ని నిర్ణయిస్తున్నది చాలావరకు కృష్ణపదార్థం. కానీ ఆ వేగం సరిపోలుతున్నది మాత్రం మనకు కనిపించే నక్షత్రాలూ వాయువుల బరువుతో! ఇంటి ఖర్చంతా కనిపించని తాతగారి ఆస్తితో నడుస్తూ, ఆ ఖర్చు ఠంచనుగా కొడుకు జీతం లెక్కకే సరిపోతుంటే ఎంత అనుమానం వస్తుందో, శాస్త్రవేత్తలకూ అంతే అనుమానం వచ్చింది.

ఇజ్రాయెల్‌కు చెందిన మోర్దెహై మిల్‌గ్రోమ్ 1983లోనే ఓ సాహసం చేశారు. అసలు కృష్ణపదార్థమే లేదు, గురుత్వాకర్షణ మరీ బలహీనమైన చోట న్యూటన్ సూత్రమే మారిపోతుందన్నారు. ఆయన లెక్క ప్రకారం ‘వేగం రెట్టింపైతే బరువు పదహారింతలు’ అన్నది యాదృచ్ఛికం కాదు, ప్రకృతి నియమం. ఒంటరి గెలాక్సీల విషయంలో ఈ లెక్క ఆశ్చర్యపోయేంత చక్కగా కుదురుతుంది. కానీ గెలాక్సీల భారీ గుంపుల దగ్గరికి వస్తే చాలదు. విశ్వం పుట్టుకనాటి వెలుగు శేషాన్ని వివరించడానికీ కృష్ణపదార్థమే మేలు. అందుకే ఎక్కువమంది శాస్త్రవేత్తలు కృష్ణపదార్థం వైపే ఉన్నారు. నక్షత్రాలు పుట్టడం, పేలడం, వాయువును బయటికి తన్నడం... ఇవన్నీ కలిసి ఈ పొందికను తెచ్చిపెడుతున్నాయని కంప్యూటర్ నమూనాలతో చూపించే ప్రయత్నం చేస్తున్నారు.

అయితే కృష్ణపదార్థం కణాన్ని ఇంతవరకూ ఒక్కరూ పట్టుకోలేదు. భూమి లోపల లోతైన గనుల్లో పరికరాలు పెట్టి దానికోసం కాపుకాస్తున్నారు. మన దేశంలోనూ జార్ఖండ్‌లోని జాదూగూడ యురేనియం గనిలో 550 మీటర్ల లోతున ఇలాంటి అన్వేషణకోసం 2017లో ప్రయోగశాల ప్రారంభమైంది. ఆ కణం దొరికితే విశ్వంలోని పదార్థంలో 85 శాతం ఏమిటో తెలిసినట్టు. ఎప్పటికీ దొరక్కపోతే... న్యూటన్, ఐన్‌స్టీన్ రాసిన పాఠాల్నే దిద్దుకోవాల్సి రావచ్చు.

ఏ దారిలో తేలినా, ఆ సిద్ధాంతం ముందు ఓ పరీక్ష పాసవ్వాలి. సెకనుకు 50 కి.మీ. వేగంతో తిరిగే మరగుజ్జు నుంచి 500 కి.మీ. దాటే భారీ గెలాక్సీ దాకా అన్నీ ఒకే గీత మీద ఎందుకున్నాయో చెప్పగలగాలి. 1914లో స్లైఫర్ చూసిన వాలిన గీతకు పూర్తి అర్థం అప్పుడే తెలుస్తుంది.